నలభై మూడో కేసు షీటు

వరంగల్ స్టేషన్లో ప్యాసింజరు కదిలి పావుగంట కాలేదు, డాక్టర్ సారంగపాణి అప్పటికే మూడుసార్లు, తన దగ్గర ఎమ్డీ చేస్తున్న నిర్మల ముఖం చూసి మూడుసార్లూ కిటికీవైపు తల తిప్పేసుకున్నాడు. ఎదుటి బెంచీ మీద ఆ అమ్మాయి ఒళ్లో ఫైలు, ఫైలు మీద రెండు చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. మళ్లీ అడగదు. అదే వచ్చిన చిక్కు. పదిసార్లు అడిగేవాళ్లనైతే కసిరి నోరు మూయించొచ్చు గానీ, ఒక్కసారి అడిగి ఊరుకునేవాళ్లను ఏం చేస్తాం? నిన్న మధ్యాహ్నం రికార్డు రూములోంచి తలంతా దుమ్ము చేసుకుని వచ్చి, పాత కేసు షీటొకటి ఆయన బల్ల మీద పెట్టింది. "సార్, మీ పేపర్ల నలభై రెండు కేసులే ఉన్నయి. కట్టల నలభై మూడున్నయి. ఈ ఆఖరిది పరారీ అని రాసుంది. గని జ్వరం నూట ఎనిమిది ఉంది సార్. నూట ఎనిమిది జ్వరమున్న మనిషి లేచి ఎట్ల ఉరికింది?" ఆయన వాచీ చూసుకున్నాడు. చూసుకుని, "రేపు డోర్నకల్ పోతున్నం గద, రైల్ల చెప్త" అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఏదో ఒక అబద్ధం అక్కడే పడేసి ఉంటే సరిపోయేది, ఎనిమిదేళ్లుగా ఒక్కటైనా కుట్టి పెట్టుకోలేదా! పెట్టుకోలేదు. ఎవరూ అడగలేదు మరి.

బెంచీ కింద నాలుగు కట్టలున్నాయి, పురికొసతో కట్టిన అచ్చు పటాలు, కట్టకు యాభై. పైన పెద్ద అక్షరాలతో పురుగుల మందు విషానికి చికిత్స అని, నడుమ గడియారం బొమ్మ, దాని చుట్టూ ఏ నిమిషానికి ఎన్ని సూదులు ఇవ్వాలో లెక్క, అన్నిటికన్నా కింద డాక్టర్ సారంగపాణి పద్ధతి అని. చుట్టుపక్కల చిన్న దవాఖానల డాక్టర్లంతా ఇవాళ డోర్నకల్లో కలుస్తున్నారు. ఆయన గంటసేపు మాట్లాడాలి, పటాలు పంచాలి, వాళ్లు తీసుకుపోయి గోడలకు కొట్టుకోవాలి. రేపటి నుంచి, అంటే ఈ మే నెల ఎండల్లోంచే, ఏ మూల ఊళ్లోనైనా ఒక నర్సమ్మ ఆ గోడను చూసి సూది పొడుస్తుంది. అటు హైదరాబాదులో ఆయన ప్రొఫెసర్ పోస్టు కాగితం ఆఖరి బల్ల దాకా పోయిందని కబురు. ఇటు నిర్మల ఎమ్డీ థీసిస్సు, అదీ ఈ పద్ధతి మీదే, ఆయన సంతకం కోసం ఆగి ఉంది. నిజం ఒక్క మాట చెబితే ఈ మూడూ పోతాయి. చెప్పకపోతే పోయేదేమిటో ఆయనకు తెలిసినట్టు ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. చింతలపల్లి దాటింది. వడగాలి కిటికీ ఊచల్లోంచి కొడుతోంది. ఆయన అలవాటు కొద్దీ మెడ వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తడిగానే ఉంది. చెమట పట్టినంతసేపు భయం లేదు.

ఈ మెడ తడిమి చూసే అలవాటును ఆయన భార్య అరుణ ఎన్నోసార్లు వెక్కిరించింది. అన్నం తినే పిల్లల మెడలు తడుముతాడు, ఆడుకునొచ్చిన పక్కింటి పిల్లల మెడలూ తడుముతాడు. "ఏంది మనిషివి, మేకపోతును బేరం చేసినట్టు" అనేది. ఆయన నవ్వేవాడు. డాక్టర్లకు ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి, ఆ మాట కాలేజీలో అందరూ ఒప్పుకున్నదే. అనాటమీ పెద్దాయన ఊళ్లో కవల పిల్లల అరచేతి గీతలన్నీ మసిపూసి కాగితాల మీద అద్దుకొచ్చి ముప్పై ఏళ్లు లెక్కబెట్టి, ఏమీ తేల్చకుండానే రిటైరయ్యాడు. ఫిజియాలజీ దావీదు సారు కప్పల కాళ్లకు కరెంటు పెట్టీ పెట్టీ, ఆఖరికి వానాకాలం కప్పలు అరిస్తే నిద్రపట్టక మందులు మింగేవాడు. లిదియా మేడానిది నులిపురుగుల మీద పని. పెళ్లిలో కలిసినా, చర్చి ముందు కలిసినా, పల్లెటూరి చుట్టాలెవరైనా వచ్చారా, కొంచెం మలం డబ్బాలో పట్టించి పంపుతారా అని మొహమాటం లేకుండా అడిగేది, పాపం ఆవిడ పని వల్లనే ఎన్ని ఊళ్ల పిల్లలకు రక్తం పట్టిందో. యూనివర్సిటీలో బోటనీ ఆయనొకడు మిరపాకు ముడత మీద పదహారేళ్లు కూర్చున్నాడు. ఇట్లా ఎవరి మేత వాళ్లది. మనిషిని పేరుతో కాదు, పనితో పిలుచుకునేవాళ్లు. సారంగపాణికి డెబ్భై తొమ్మిదిలో పేపరు అచ్చయిన దగ్గర్నుంచి గడియారం సారంగపాణి అని పేరు. మొదట్లో ఆ పేరు వింటే లోపల ఎంత పొంగిపోయేవాడో, ఎవరికీ చెప్పలేదు గానీ, స్నానం చేస్తూ తనలో తానే ఒకసారి పైకి అనుకుని చూసుకున్నాడు కూడా.

పొంగడంలో తప్పేముంది? ఆ వార్డు చూసినవాళ్లకు తెలుస్తుంది. పత్తికి, మిరపకు మందు కొట్టే నెలల్లో పొద్దుకు ముగ్గురు నలుగురు వచ్చి పడేవాళ్లు. కొట్టేటప్పుడు గాలి తిరిగి మీద పడ్డవాళ్లు, పంట పోయి తాగినవాళ్లు, మొగుడితో పోట్లాడి తాగినవాళ్లు. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమటలు, ఛాతీలో నీళ్లు గులగులమంటూ ఊపిరాడక కొట్టుకునేవాళ్లు. అట్రోపిన్ సూది పడితే ఆ నీళ్లన్నీ ఎండి మనిషి బతుకుతాడు. ఎంత ఇవ్వాలన్నదే తంటా. కంటిపాప చూడాలి, నాలిక చూడాలి, నాడి చూడాలి, పది నిమిషాలకోసారి ప్రతి మంచం దగ్గరా డాక్టరు నిలబడి చూడాలి. తొంభై మంది పేషెంట్లకు ఒక్క డాక్టరు, ఒక్క నర్సు ఉన్నచోట ఎవడు నిలబడతాడు? మంచాల నడుమ పరుగెత్తి పరుగెత్తి, తాను ఇటువైపు ఉండగా అటువైపు మనిషి పోయిన ఒక దినం, గోడ గడియారం కింద చతికిలబడి కూర్చున్నప్పుడు తోచింది ఆయనకు. చూసే డాక్టరు లేనప్పుడు గడియారమే చూడాలి. ఇన్ని నిమిషాలకు ఇన్ని సూదులు, ఎవరైనా సరే, అడగక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. అక్టోబరులో మొదలుపెట్టాడు. జనవరి ఆఖరుకు నలభై రెండు మంది. అందులో ముప్పై ఎనిమిది మంది నడిచి ఇంటికిపోయారు. అంతకుముందు సగం మంది చచ్చిపోయేవాళ్లు. ముప్పై ఎనిమిది మంది! ఇప్పటికీ వాళ్లలో ఎవరో ఒకరు బజార్లో కనబడి దండం పెడతారు. ఆ దండం తన దగ్గరికి వస్తున్నప్పుడల్లా ఆయన మొదట ఆ మనిషి వెనక్కి చూస్తాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

నెక్కొండలో రైలు ఆగింది. నిర్మల ఫ్లాస్కులోంచి మూతనిండా నీళ్లు వంచి, "తాగుండ్రి సార్, ఎండ బాగుంది" అంది. ఎండ. అవును, నాలుగు నెలలూ చలికాలమేనని పేపర్లో ఎక్కడా రాయలేదు, ఎందుకు రాస్తాం, నెలలు రాశాడు కదా, చదివేవాడికి తెలియదా? బొంబాయిలో కూర్చుని చదివేవాడికి వరంగల్ మే నెల ఏం తెలుస్తుంది. తనకు తెలుసు కదా. పుట్టింది పరకాల పక్కన, చిన్నప్పుడు వడదెబ్బకు ఎద్దు నిలువునా కూలిపోవడం చూసినవాడు. తెలిసిన సంగతే సమయానికి తెలియకుండా పోయింది. చదువు అట్లాంటిది. నీళ్లు గొంతు దిగాయి. నిర్మల మూత తుడిచి మళ్లీ బిగించి, మళ్లీ చేతులు ఫైలు మీద పెట్టుకుంది. సుబేదారిలో ఆఫీసు గుమస్తా కూతురు, ఇంట్లో మొదటి డాక్టరు, పొద్దున ఏడింటికి వార్డులో ఉంటుంది, చీకటి పడేదాకా కదలదు. ఇట్లాంటి పిల్ల అడిగితే అబద్ధం చెప్పడానికి నోరెట్లా వస్తుంది? వస్తుందిలే. నమ్ముతుంది కూడా. ఆరు నెలల కష్టం ఆ అబద్ధం మీదే నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా నమ్ముతారు.

పేరు సమ్మమ్మ. కేసు షీటు మీద వయసు ముప్పై అని రాశాడు, అడిగితే వాళ్లక్క "ముప్పై వేసుకోరాదూ సారూ" అంది. డెబ్భై ఎనిమిది మే, పొద్దున పదిగంటలకు తెచ్చారు. పేపరు రాయడం మొదలుపెట్టాడప్పటికి, యాభై కేసులైతే బాగుంటుందని ఉంది, వేసవిలో వచ్చినవాళ్లనూ కలిపేద్దామనుకున్నాడు. ఇదే మొదటిది. "ఎంత తాగింది?" అని అడిగితే అక్క యాకమ్మ నోరు కొట్టుకుంది. "తాగలే సారూ! ఎందుకు తాగుతది? నా బిడ్డ పెండ్లి బేస్తారంనాడు. తలల పేండ్లు పడ్డయని, మిరుప తోటకు కొట్టంగ మిగిలిన మందు తలకు రాసుకున్నది. నలుగురు చుట్టాలొస్తరు, తల గోక్కుంట కూసుంటె నవ్వరా అని." తలకు రాసుకుని, బట్ట కట్టుకుని ఎండలో కూర్చుందట, బాగా పని చేస్తుందని. తాగిన మనిషికన్నా లోపలికి పోయింది తక్కువే. ఆ సంగతి ఆయన చెవిన పడింది. చెవిన పడింది గానీ గడియారంలో దానికి గడి లేదు. తలకు రాసుకున్నా, కడుపులోకి తాగినా, పది నిమిషాలకు రెండు సూదులు.

పన్నెండింటికల్లా నురగ ఆగింది, ఛాతీ తేలికపడింది. సంతోషించాడు. ఒంటిగంటకు ఒళ్లు ఎర్రబడింది. పైన రేకులు, వార్డులో రెండు పంకాలుంటే ఒకటి తిరగదు. యాకమ్మ కొంగు తడిపి తడిపి తుడుస్తోంది. "సారూ, దీని పెయ్యి కాలుతాంది. చెమట వస్తలేదు. జర మందు ఆపుండ్రి సారూ." ఆయన నవ్వాడు. నిజంగానే నవ్వాడు, ఆ నవ్వు ఇప్పటికీ చెంపలకు తగులుతూనే ఉంటుంది. "చెమట రావద్దు అమ్మా. చెమట ఆగితేనే మందు పట్టినట్టు. ఫికర్ చెయ్యకు" అన్నాడు. పుస్తకంలో అట్లాగే ఉంటుంది, ఒళ్లు పొడిబారడమే గుర్తు అని. ఆ పుస్తకం రాసినవాళ్లు చలిదేశంలో రాశారు. చెమట పట్టకుండా, రేకుల కింద, మే నెలలో మనిషి ఏమవుతుందో పొలంలో పనిచేసే యాకమ్మకు తెలిసింది, బంగారు పతకం తెచ్చుకున్న ఈయనకు తెలియలేదు. రెండింటికి సమ్మమ్మ గాలిలో చేతులు ఆడించడం మొదలుపెట్టింది. రెండు వేళ్లతో పట్టుకుని తుంచడం, ఒళ్లో వేసుకోవడం. మిరపకాయలు ఏరుతోంది. కళ్లు పెద్దవి చేసుకుని ఎవరినో తిడుతోంది, నవ్వుతోంది. ఆయన నాడి పట్టుకోబోతే చెయ్యి విదిలించి, "ఈ సాలు నువ్వు పట్టు సారూ, ఎండెక్కుతాంది" అంది. ఎండెక్కుతాందని ఆమె కూడా చెప్పింది. ఇద్దరూ చెప్పారు. అప్పుడు కూడా గడియారం చూసి, రెండూ పదికి ఇవ్వాల్సిన సూది రెండూ పదికి ఇచ్చాడు. రెండూ ఇరవైకి ఇవ్వాల్సింది రెండూ ఇరవైకి. రెండూ నలభైకి థర్మామీటరు పెట్టిన నర్సు రత్నమ్మ దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసి, ఆయన చేతిలో పెట్టింది. నూట ఎనిమిది. అప్పుడు నీళ్లు పోయించాడు, మంచు తెమ్మని మనిషిని పంపాడు. మంచు వచ్చేసరికి మూడుంబావు. యాకమ్మ చెల్లె కాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

ఇక్కడిదాకా తప్పు. తప్పులు అందరూ చేస్తారు, డాక్టరు చేతిలో మనిషి పోకుండా డాక్టరైనవాడు లేడు. ఇక్కడితో ఆగితే ఆయన ఈ ఎనిమిదేళ్లూ హాయిగా మెడలు తడమకుండా బతికేవాడు. పురుగుల మందు కేసు అంటే పోలీసులు రావాలి, పంచనామా, కోసి చూడాలి. కోస్తే తెలుస్తుంది విషంతో పోయిందా, సూదులతో పోయిందా. అప్పుడు యాకమ్మ లేచి వచ్చింది. "సారూ, కోసుడు మాత్రం వద్దు. ఎల్లుండి నా బిడ్డ లగ్గం. పోలీసులొస్తె పెండ్లి ఆగుతది, పిల్ల బతుకు పోతది. ఇడిసిపెట్టుండ్రి సారూ, తీసుకపోతం." ఆమె తన పిల్ల కోసం అడిగింది. ఆయన తన కోసం ఒప్పుకున్నాడు. వార్డుల్లో ఒక అలవాటుంది, చెప్పకుండా వెళ్లిపోయిన రోగి షీటు మీద పరారీ అని రాసి మూసేస్తారు. పరారీ అయినవాళ్లను ఏ లెక్కలోనూ కలపరు. చచ్చినవాళ్లలో ఉండరు, బతికినవాళ్లలో ఉండరు. రత్నమ్మ కలం తీసి పట్టుకుని, "ఏం రాయమంటరు సార్?" అంది. చెప్పాడు. రత్నమ్మ కలం మూత పెట్టి, "నా చేతితోని రాయను. మీరే రాయుండ్రి" అని షీటు జరిపింది. రాశాడు. చేతిరాత ఎంత చక్కగా వచ్చిందో, ఒక్క అక్షరం వంకర పోలేదు. మిర్చి బస్తాలు దించి వాపసు పోయే లారీ ఒకటి మాట్లాడుకున్నారు. పోయే ముందు యాకమ్మ ఆయన కాళ్లు మొక్కింది. "దేవుని లెక్క కాపాడినవు సారూ, నీ కడుపు సల్లగుండ" అంది. ఆమె ముఖం ఆయనకు గుర్తు లేదు. వంగినప్పటి పాపిట మాత్రం గుర్తుంది, వెంట్రుక నెరిసి, నడుమ కుంకుమ చెరిగిన పాపిట.

ఆ తర్వాత పేపరులో ఒక్క వాక్యం. చికిత్స పూర్తికాక ముందే వెళ్లిపోయిన ఒక రోగిని లెక్కలోకి తీసుకోలేదు అని. ఎంత మర్యాదైన వాక్యమో! ఆ వాక్యం మీద ఆయన ఢిల్లీలో మాట్లాడాడు, మద్రాసులో శాలువా కప్పించుకున్నాడు. తను మాత్రం తన వార్డులో వేసవిలో ఆ పద్ధతి వాడడు. మార్చి నుంచి జూన్ దాకా ఏదో వంక పెట్టి ప్రతి పేషెంటునూ తానే చూసుకుంటాడు, భోజనానికి ఇంటికి పోడు, మెడలు తడుముతూ తిరుగుతాడు. సారుకు పేషెంట్లంటే ప్రాణం అనుకుంటారు జూనియర్లు. వేసవిలో వాడొద్దని ఒక్క చీటీ రాయొచ్చు కదా? రాస్తే, ఎందుకు సార్, ఎట్లా తెలిసింది సార్ అంటారు. ఆ ఎట్లాకు జవాబు సమ్మమ్మ. అందుకని రాయలేదు. రత్నమ్మ రిటైరయి హనుమకొండలో ఉంటోంది, కూరగాయల దగ్గర ఎదురుపడితే "బాగున్నరా డాక్టర్ గారూ" అంటుంది, అంతే. అంతకుమించి ఒక్క మాట అనదు, మహాతల్లి.

కేసముద్రం. రైలు ఆగకముందే మిర్చి ఘాటు లోపలికొచ్చింది, పెట్టెలో అందరూ దగ్గారు. సమ్మమ్మది ఈ చుట్టుపక్కల ఊరే. షీటు మీద ఊరి పేరు ఉంది, ఆయన ఎనిమిదేళ్లుగా ఆ పేరు పైకి అనలేదు. మొదటి ఏడాది ఒకసారి బస్సెక్కి ఈ కేసముద్రం దాకా వచ్చాడు, దిగి, టీ తాగి, తిరుగు బస్సు ఎక్కాడు. ఆడవాళ్లు గంపలతో ఎక్కారు, నలుగురో ఐదుగురో, అందరి తలలూ ఆయన చూస్తున్నాడు. ముఖాలు కాదు, పాపిటలు. ఒక ముసలామె వచ్చి కట్టల మీద కాళ్లు పెట్టుకుని ఆయన పక్కనే కూలబడింది. నెరిసిన పాపిట. "ఏ ఊరమ్మా?" అన్నాడు. "నాదా? నాది నెల్లికుదురు దిక్కు కొడుకా. ఏందట్ల చూస్తానవు? నాకేమన్న బాకీ ఉన్నవా?" అంది ఆమె. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నిర్మల కూడా నవ్వింది, నవ్వి వెంటనే ఆపేసింది. ముసలామె ఆయన చొక్కా చూసి, మెడలో గొట్టం లేకపోయినా పోల్చి, "డాక్టర్ సాబువా? నాకు జర ఆయాసమొస్తది, చూడరాదూ" అని చెయ్యి చాపింది. ఆయన నాడి పట్టుకున్నాడు. మంచి నాడి. చెయ్యి తడిగా, చల్లగా ఉంది. "నీకేం కాదమ్మా, నూరేండ్లు బతుకుతవు" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, మిర్చి ఘాటు అనుకుని ముసలామె కొంగు అంచు ఇవ్వబోయింది.

మానుకోటలో ఆడవాళ్లంతా దిగిపోయారు, పెట్టె సగం ఖాళీ అయింది. ఇంక మూడేమో నాలుగేమో స్టేషన్లు. ఇప్పుడు లెక్క వేసుకోవాలి. చెప్పొచ్చు, అమ్మా నిర్మలా, షీటులో జ్వరం తప్పు రాశారు, నూట రెండుకు నూట ఎనిమిది పడింది, నర్సు పొరపాటు. రత్నమ్మ మీదకు తోసేస్తాడన్నమాట, కలం మూత పెట్టిన రత్నమ్మ మీదకు. ఛీ. లేదా వాళ్లే ఎత్తుకుపోయారు, బతికుండగానే, దారిలో పోయి ఉంటుంది అనొచ్చు. యాకమ్మ మీదకు. ఎటు తోసినా ఎవరో ఒక ఆడమనిషి మీదే పడుతోంది, గమ్మత్తు. చెప్పకుండా, అక్కడ మాట్లాడేటప్పుడు మాత్రం వేసవిలో జాగ్రత్త అని ఒక మాట కలిపితే? జాగ్రత్త అంటే వాళ్లకేం అర్థమవుతుంది, ప్రతి డాక్టరూ ప్రతిదానికీ అనేదే కదా అది. గోడ మీద అచ్చులో గడియారం ఉంటుంది, జాగ్రత్త గాలిలో పోతుంది. ప్రొఫెసర్ అయ్యాక చెప్తే? అప్పుడు మాట బరువు పెరుగుతుంది. ఈ మాట ఎనిమిదేళ్ల క్రితం కూడా అనుకున్నాడు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యాక అని. మనిషి తనను తాను మోసం చేసుకోవడానికి కూడా కొత్త మాట వెతుక్కోడు, పాతదే దులిపి తొడుక్కుంటాడు. గుండ్రాతిమడుగు. ఎండకు పట్టాలు మెరుస్తున్నాయి, దూరంగా మిరప చేలు ఖాళీగా, కట్టెలు పీకి కుప్పలు పెట్టి ఉన్నాయి. రెండు వందల పటాలు. ఒక్కో పటానికి ఈ వేసవిలో ఒక్కరే అనుకున్నా... ఆ లెక్క పూర్తి చెయ్యలేదాయన. గార్లలో రైలు ఆగి, ఎందుకో పది నిమిషాలు కదల్లేదు. పంకా లేని పెట్టె పొయ్యిలా ఉంది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. నిర్మల కొంగుతో మెడ తుడుచుకుంటుంటే చూశాడు, ఆ తుడుచుకునే చెయ్యిని చూస్తుంటే ఎక్కడిదో బలం వచ్చింది, లేక బలమంతా పోయిందో.

"నిర్మలా, ఆమె ఉరకలేదు."

ఆ అమ్మాయి చెయ్యి ఆగింది.

"చచ్చిపోయింది. మన మందుతోనే. ఎండల చెమట పట్టకపోతే పెయ్యి కాలి పోయింది. వాళ్లక్క ఆపుమని చెప్పింది, నేను ఇనలే. సచ్చినంక పరారీ అని నేనే రాసిన. రత్నమ్మ సిస్టర్ రాయనన్నది. నేను రాసిన." ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎంత చిన్నగా ఉంది చెప్పిన తర్వాత! ఎనిమిదేళ్లు మోసినది అరనిమిషం కూడా పట్టలేదు. "ఇయ్యాల మీటింగుల ఇదే చెప్త. పటాలు పంచం. నీ థీసిస్సు నేను పాడుచేస్తున్న, నాకు తెలుసు. కొత్తది చేపిస్త, ఏడాది పట్టినా నీ పక్కన నిలబడి చేపిస్త. నా పోస్టు సంగతి నువ్వు ఫికర్ చెయ్యకు."

రైలు కదిలింది. కసురుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు, ఛీ అంటుందేమోనని కూడా అనుకున్నాడు, దానికీ తయారుగానే ఉన్నాడు, నిజం చెప్పాలంటే దానికోసమే ఎదురుచూస్తున్నాడు. ఆ అమ్మాయి ఏదీ చెయ్యలేదు. ఫైలు గుండెలకు అదుముకుని, రైలు చప్పుడులో వినబడీ వినబడకుండా, "చచ్చిపోయిందని నాకు తెలుసు సార్" అంది.

"తెలిస్తె ఎందుకడిగినవమ్మా?"

"మీ పేపర్ల ఒక రోగిని లెక్కలకు తీసుకోలే అని ఉంది గద, షీటు మీద ఎట్ల రాసిన్రో చూద్దామని కట్ట ఇప్పిన సార్. పోలీసులు రాకుంట ఎట్ల అయిందో, తర్వాత ఎవరన్నా అడిగిన్రో లేదో... మీకు ఏం కాలేదు గద. నాకు గూడ కాదేమో, ఎట్ల చేసిన్రో తెలుసుకుందామని. నా థీసిస్సు యాభై కేసులల్ల అసొంటోళ్లు ఇద్దరున్నరు సార్. పోయిన నెల. మీరు హైదరాబాద్ పోయిన వారం. మీరుంటె ఎండాకాలం మీరే చూస్తరు, ఎందుకో మాకు చెప్పలే. నేను పట్టిక ప్రకారం ఇచ్చిన. ఒకామె, ఒకాయన. ఆయన బిడ్డ గూడ చెప్పింది సార్, నాయిన కాలుతాండని. ఇద్దరి షీట్ల మీద పరారీ అని రాసిన."

చెప్పలే అంది. అవును, చెప్పలేదు. ఎనిమిదేళ్ల నాటి ఒక్క మనిషి కోసం తను ఇక్కడ కూర్చుని గుండెలు బాదుకుంటున్నాడు, పోయిన నెలే ఇద్దరు తన వార్డులో, తన మంచాల మీద, తను దాచినదానివల్ల. డోర్నకల్ యార్డు వచ్చింది, పట్టాలు ఒకటికి పదయ్యాయి, రైలు నెమ్మదించింది. ప్లాట్‌ఫారం మీద చేతిలో దండ పట్టుకుని, మీటింగు పెట్టిన డాక్టర్ సుందర్ రావు, వెనక ఇంకో ముగ్గురు కుర్ర డాక్టర్లు, కిటికీలు వెతుక్కుంటూ రైలు పక్కన నడుస్తున్నారు. ఒకతను ఈయనను చూసి చెయ్యి ఊపాడు.

"మీరు చెప్తె నేను గూడ చెప్పాలె గద సార్" అంది నిర్మల.

"చెప్పాలె బిడ్డా. ఇద్దరం కలిసి చెప్పుదం. నేను సమ్మమ్మ పేరు చెప్త, నువ్వు వాళ్ల పేర్లు చెప్పు. ఏం పేర్లు?"

ఆ అమ్మాయి నోరు తెరిచింది. ఆలోచించింది. ఫైలు వైపు చూసింది, మళ్లీ ఆయన వైపు చూసింది. రైలు ఆగింది, పెట్టె తలుపు దగ్గర ఎవరో సార్, సార్ అని పిలుస్తున్నారు.

"పేర్లు యాదికి లెవ్వు సార్" అంది, అని భోరున ఏడ్చింది. "పదకొండో కేసు, ఇరవై ఆరో కేసు."